గెలిచిన సగం, ఓడిన సగం: స్వతంత్ర పార్టీపై సింహావలోకనం

హైదరాబాద్‌లోని మైలార్‌దేవ్‌పల్లికి పొరుగునే ఉన్న రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక ఆ పేరు గుంటూరు దగ్గరి లాంకు వెళ్లింది. ఇక్కడి ప్రాంగణం ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టుకుంది. రంగా అంటే రైతు నాయకుడని అందరికీ తెలుసు. నెహ్రూ సోషలిజానికి ఎదురునిలిచిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు కూడా ఆయనే.

సంప్రదాయవాద పార్టీ అనగానే మనకు బ్రిటన్ కన్సర్వేటివ్‌లు గుర్తుకొస్తారు. రాచరికం, చర్చి, భూస్వామ్యం అండగా టోరీలు ఎదిగారు. 1834లో రాబర్ట్ పీల్ టామ్‌వర్త్ ప్రణాళికతో ఆ పార్టీకి కొత్త రూపు ఇచ్చాడు. పన్నెండేళ్లకు ఆయనే ధాన్యం దిగుమతి సుంకాలను రద్దు చేయించడంతో పార్టీ నిలువునా చీలింది. స్వేచ్ఛా వ్యాపారం కోరినవారు పీల్ వెంట, భూమి పక్షం వహించినవారు డిజ్రేలీ వైపు నిలిచారు. వ్యాపారానికీ భూమికీ మధ్య ఉన్న ఈ పేచీ మన దగ్గర మరో వేషంలో వచ్చింది.

తెలుగునాట జమీందారుల రాజకీయానికి జస్టిస్ పార్టీ వేదికైంది. మద్రాసు ప్రధానిగా పనిచేసిన బొబ్బిలి రాజా 1937లో వి.వి. గిరి చేతిలో ఓడిపోవడంతో ఆ వైభవం దాదాపు ముగిసింది. తర్వాతి కుడిపక్షం కోటల్లోంచి కాక పొలం గట్టు మీంచి పుట్టింది.

1900లో నిడుబ్రోలులో పుట్టిన రంగా ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. జమీందారీలను ఎదిరిస్తూ రైతులను కూడగట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు ప్రధాన కార్యదర్శి ఆయనే. 1951లో కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, 1955 నాటికి మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. పార్టీలు మారినా పట్టు ఒక్కటే: దున్నేవాడి భూమి దున్నేవాడి పేరనే ఉండాలి.

1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం సహకార ఉమ్మడి సేద్యానికి తీర్మానించింది. జమీందారు నుంచి విడిపించుకున్న చెక్కను ఇప్పుడు సంఘం పేరుతో సర్కారు కలిపేసుకుంటుందని రంగా భయం. పర్మిట్, లైసెన్స్, కోటా రాజ్యమంటూ రాజాజీ అప్పటికే విరుచుకుపడుతున్నారు. మినూ మసానీ పారిశ్రామిక స్వేచ్ఛ కోరుతున్నారు. ఈ ముగ్గురూ చేతులు కలపగా, ఆ ఏడాదే మద్రాసులో ప్రకటించిన స్వతంత్ర పార్టీ ఆగస్టులో బొంబాయిలో లాంఛనంగా మొదలైంది. పార్టీ పెట్టుకున్నవి ఇరవై ఒక్క సూత్రాలు. వాటికి బయటి విషయాల్లో సభ్యులు తమకు తోచినట్టు మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు.

ఉత్తరాన జైపూర్ మహారాణి గాయత్రీదేవి, ఒరిస్సాలో ఆర్.ఎన్. సింగ్‌దేవ్ ముఖాలు కావడంతో దానికి రాజుల పార్టీ అన్న ముద్ర పడింది. ఆంధ్రలో మాత్రం రంగాకు కుడిభుజం గౌతు లచ్చన్న. బారువలో వెనుకబడిన కులంలో పుట్టి, గీత కార్మికుల కోసం పోరాడిన మనిషి ఆయన. రాష్ట్ర శాసనసభలో ఈ నక్షత్రం గుర్తు పార్టీ 1962లో 19 స్థానాలు, 1967లో 29 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. 1967లోనే లోక్‌సభలో 44 మందితో కాంగ్రెస్ తర్వాతి స్థానంలో నిలిచింది. రంగా చిత్తూరులో ఓడిపోతే లచ్చన్న తన శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని వదులుకుని ఆయనను సభకు పంపారు.

పతనం అంతే వేగంగా వచ్చింది. 1971 ఇందిర గాలిలో లోక్‌సభ బలం 8కి పడిపోయింది. మరుసటి ఏడాది రాజాజీ కన్నుమూశారు. రంగా కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లారు. 1974లో మిగిలిన పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

పార్టీ పోయింది కానీ దాని వాదం పోలేదు. 1970ల తొలినాళ్లలో ముఖ్యమంత్రిగా భూపరిమితికి పట్టుబట్టిన పి.వి. నరసింహారావే 1991లో ప్రధానిగా లైసెన్స్ రాజ్‌ను చాలావరకు విప్పేశారు. మైలార్‌దేవ్‌పల్లికి ఆనుకున్న ఆరాంఘర్ దగ్గర దిగే ఎక్స్‌ప్రెస్ వేకు ఆయన పేరే ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా వెళ్తే 2008లో తెరుచుకున్న శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. దాన్ని నడిపేది ప్రైవేటు ఆధ్వర్యంలోని సంస్థ. మసానీ చూస్తే సంతోషించేవారు. కానీ ఆ వేల ఎకరాలను సేకరించి ఇచ్చింది ప్రభుత్వం. ఆ మాట వింటే రంగా నొసలు ముడిపడేది.

ఇక్కడే స్వతంత్ర పార్టీ రెండుగా విడిపోతుంది. వ్యాపారికి స్వేచ్ఛ ఇవ్వాలన్న సగం గెలిచింది. రైతు అనుమతి లేకుండా భూమి కదలకూడదన్న సగం ఓడింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసిన రాజ్యాంగ 44వ సవరణ 1978 నాటిది. తెచ్చింది జనతా ప్రభుత్వం. స్వతంత్ర పార్టీ వారసులు కలిసిన లోక్‌దళ్ ఆ జనతాలో భాగమే. పరిశ్రమ స్వేచ్ఛకు అండగా పెట్టుబడి ఉంది, పత్రికలున్నాయి, మారిన ప్రపంచ గాలి ఉంది. రైతు హక్కుకు అండగా ఉన్నది రైతు ఓటు ఒక్కటే. ఆ ఓటును కులాలు, ప్రాంతాలు, పథకాలు పంచుకున్నాయి. రంగా పార్టీ ఓడింది ఎన్నికల్లోనే. ఆయన రైతు ఓడింది మాత్రం సొంతవాళ్ల ప్రభుత్వంలో.