ఎండనేల పిల్లలు - మంచుశిఖరం

కనిగిరి కొండ ఎక్కేవారికి ఎండతోనే పేచీ. పైకి పోయినకొద్దీ కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల సెంటిగ్రేడు చొప్పున గాలి చల్లబడుతుంది. కాని మంచు కురియడానికి ఆ ఎత్తు చాలదు. అటువంటి ఎండనేలలోనే పుట్టిన నిజామాబాదు జిల్లా పాకాల బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనందకుమార్ 2014 మే 25న 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరాన్ని చేరినారు. వ్యవసాయ కూలీల బిడ్డ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లయినా నిండలేదు. 16 ఏళ్లలోపువారిని నేపాలు అనుమతించదు గనుక టిబెట్టు వైపునుండి ఎక్కినారు.

రికార్డు మాట అటుంచి, మెచ్చదగినది వారి తయారీ. భువనగిరి బండపై మొదలైన శిక్షణ డార్జిలింగు, లడఖ్ మంచుల దాకా సాగింది. పలుచని గాలికి రక్తం అలవాటు పడడానికి వారాలు పడుతుంది. తొందరపడితే ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. శిఖరాన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి మూడవవంతే. అక్కడ నీరు సుమారు 70 డిగ్రీలకే మరుగుతుంది. ఎంతసేపు కాచినా కందిపప్పు ఉడకదు.