చక్కెర బస్తా నుంచి కవరు దాకా

1931లో నిజాంసాగర్ పూర్తయినంక మన దిక్కు చెరకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర గోనె బస్తాల్లో పోయేది. ఖాళీ బస్తాను మనోళ్లు పారేయలేదు. వడ్లు పోసుకున్నరు, విప్పి పరుచుకున్నరు, చిరిగితే గడప ముందు కాళ్లు తుడుచుకోను వేసిన్రు. అంగడికి పాతగుడ్డతో కుట్టిన చేతిసంచి, నూనెకు సీసా, మాంసానికి మోదుగాకు. ఇవన్నీ ఇంటి ఆడోళ్ల లెక్కలో ఉండేవి.

పల్చటి కవరు అప్పటికి పుట్టనే లేదు. 1960లలో స్వీడన్‌లో స్టెన్ గుస్తాఫ్ థులిన్ దాన్ని తయారుచేసిండు. అది మన అంగట్లకు వచ్చినంక చేతిసంచి కొయ్యకే వేలాడింది. ఊరికే ఇస్తున్నరనుకుంటం గానీ దాని ధర సరుకులోనే కలుస్తది. మిగిలిన ఖర్చు మోరీలో, బర్రె కడుపులో తేలుతది.

సర్కారు మందం పెంచుకుంటూ వచ్చింది: 2016లో 50 మైక్రాన్లు, 2021 సెప్టెంబర్ 30 నుంచి 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. మందమున్నది మళ్లీ వాడుతరు, ఏరేటోళ్లకు కూడా గిట్టుబాటైతదని ఆలోచన. మంచిదే. కానీ కూరగాయల గంప కాడ మైక్రాన్లు కొలిచేదెవరు?

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతబడ్డది. 1987 నాటి జనపనార చట్టం మాత్రం ఉంది. దాని కింద చక్కెరలో 20 శాతం ఇప్పటికీ గోనె సంచుల్లోనే నింపాలె. మన ఇంటి సంచికి ఏ చట్టమూ అక్కర్లేదు. కుట్టుమిషనున్న అక్కలు మన సంఘాల్లో ఉన్నరు, ఒక పాత చీరకు ఐదారు సంచులైతయి.