పసుపు ఎరుపుల సీజను

2025 ఏప్రిల్ 11, శుక్రవారం. పశ్చిమ బెంగాల్‌లోని కళ్యాణి స్టేడియం. సగం ఆట అయిపోయినా గోల్ లేదు. ఇండియన్ విమెన్స్ లీగ్ ఫుట్‌బాల్ టైటిల్‌కు ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఒక్క గెలుపు దూరంలో ఉన్నారు. ఎదురుగా నిరుటి చాంపియన్ ఒడిశా ఎఫ్‌సీ. ఆ చాంపియన్ ఈసారి లీగ్‌లో నిలబడితే చాలన్న స్థితికి దిగజారింది. అటువంటి జట్టుతోనే జాగ్రత్తగా ఉండాలి. పోగొట్టుకునేది ఏమీ మిగలనివాళ్లు మొండిగా ఆడతారు.

రెండో సగం మొదలై ఇరవై నిమిషాలు దాటింది. ఇంకా సున్నా సున్నాయే.

67వ నిమిషంలో బంతి వలలో పడింది. కొట్టింది గుగులోత్ సౌమ్య, మన నిజామాబాద్ పిల్ల. మిగిలిన సమయమంతా ఆ ఒక్క గోల్‌నే కాపాడుకున్నారు. 1-0. ఈస్ట్ బెంగాల్‌కు ఇదే తొలి మహిళల లీగ్ టైటిల్. ఆ క్లబ్బు పురుషుల జట్టు చివరిసారి జాతీయ లీగ్ గెలిచింది 2003-04లో. ఇరవై ఏళ్లు దాటిన కరువును ఆడపిల్లలు తీర్చారు.

మెట్‌పల్లి నుంచి 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూర్ దాటితే సౌమ్య వాళ్ల నిజామాబాద్. ఆ బాటన పసుపు బస్తాలు పోతాయి, గల్ఫ్‌కు పోయే మనుషులూ పోతారు. ఆ ఏడాది లీగ్ జనవరి 10న మొదలైంది. నాలుగు రోజులకు, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డును ప్రారంభించారు. ఇక్కడ పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, ధర కోసం యార్డులో పడిగాపులు పడే నెలలన్నీ సౌమ్యకు ఈస్ట్ బెంగాల్ జెర్సీలోనే గడిచాయి. ఆ జెర్సీ రంగులు కూడా పసుపూ ఎరుపే. ఎనిమిది జట్లు, ఒక్కొక్కరికి పద్నాలుగు మ్యాచ్‌లు. బోర్డు వార్త మన పత్రికల్లో మొదటి పేజీకెక్కింది. లీగ్ వార్త కోసం ఆటల పేజీలో కింది మూల దాకా వెతుక్కోవాల్సి వచ్చింది. క్రికెట్‌కు ఇచ్చే చోటులో పదో వంతు ఇచ్చినా ఈ పిల్ల పేరు ఇంటింటా తెలిసేది.

సౌమ్య మొదట్లో పరుగు పందేల పిల్ల. ఆ కాళ్ల వేగాన్ని ఫుట్‌బాల్‌కు మళ్లించింది నిజామాబాద్‌లోని శిక్షణే. ఇప్పటికీ ఆమె ఆటకు బలం ఆ పరుగే. కేరళ క్లబ్బు గోకులంలో ఆడింది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది. ఇక్కడి మగవాళ్లకు పరాయి దేశం అంటే దుబాయ్, మస్కట్. బంతాట కోసం ఐరోపా పోయిన మొదటి నిజామాబాద్ ఆడపిల్ల ఈమే అయి ఉంటుంది. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌లో ఆమెకు కోచ్ ఆంథోనీ ఆండ్రూస్. అంతకుముందు గోకులానికి రెండుసార్లు ఇదే లీగ్ గెలిపించినవాడు.

మెట్‌పల్లి బస్టాండులో చాయ్ తాగేవాళ్లను అడగండి, "ఫుట్‌బాల్ల మనోళ్లెవరున్నరే?" అని. పెద్దవాళ్లైతే హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ పేరు చెబుతారు. ఆయన శిష్యుడు తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ కిరాయి కింద రహీం సాబ్ రోజుకో రూపాయి ఇచ్చేవారని బలరాం చెప్పుకునేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు బలరాం అందులో ఉన్నారు. మరుసటి ఏడాదే ఈస్ట్ బెంగాల్‌లో చేరి, తర్వాత కెప్టెన్ కూడా అయ్యారు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన వేసుకున్న రంగుల్లోనే మరో తెలంగాణ ఆట మనిషి టైటిల్ తేవడం చూసి ఉంటే ఎంత సంబరపడేవారో.

మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2024-25 అవార్డులు ప్రకటించింది. ఉత్తమ క్రీడాకారిణి సౌమ్య, ఉత్తమ క్రీడాకారుడు మోహన్ బగాన్ ఆటగాడు సుభాశిష్ బోస్. కోల్‌కతాలో ఎదురెదురుగా నిలబడి నోరు పారేసుకునే రెండు క్లబ్బులకూ చెరొకటి. ఆ మరుసటి నెలే థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆసియా కప్ అర్హత పోటీలు. తొలి మ్యాచ్‌లో మంగోలియా మీద భారత్ 13-0తో గెలిచింది. అందులో రెండు గోల్స్ సౌమ్యవి.