కిరాయి కానూన్‌లో తారీఖుల లెక్క

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ముల్గీ కిరాయికి తీసుకున్నవాడూ మన భాయే. వెనక గల్లీలో రెండు గదులు కిరాయికిచ్చి ఆ పైసలతో ఘర్ నడుపుకొనే బేవా కూడా మన ఖాలాయే. కిరాయి కానూన్ ఎవరి తరఫున ఉందని అడిగితే, ముందు తారీఖు చూడమంటాను నేను.

1960లో ఆంధ్రప్రదేశ్ కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. ఖాళీ చేయించాలంటే మాలిక్ సబబు చూపాలి: కావాలని కిరాయి ఎగ్గొట్టడం, అడగకుండా ఇంకొకరికి ఇవ్వడం, మాలిక్‌కే ఆ జాగా నిజంగా జరూరత్ పడడం వంటివి. మాలిక్ కిరాయి పుచ్చుకోకపోతే మనియార్డర్ చేసే దారి కూడా ఉంది. కిరాయిదారుకు ఇది పెద్ద హిఫాజత్. కానీ న్యాయమైన కిరాయి తేల్చే లెక్కల్లో ఒకటి, 1944 ఏప్రిల్ 5కి ముందరి పన్నెండు నెలల ధర! బియ్యం ధర పెరుగుతుంటే ఖాలా చేతికొచ్చే కిరాయి పాత జమానాలోనే ఉండాలా? ఆమెకు ఇన్సాఫ్ ఏది?

ఇంకో తారీఖు 1957 ఆగస్టు 26. ఆ రోజు నుంచి కట్టిన ఇళ్లకు ఈ కానూన్ వర్తించదన్నారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు హౌసలా ఇవ్వాలన్నది నియ్యత్. పాతికేళ్లు దాటినా ఆ మినహాయింపు పోలేదు. పక్కపక్క ఇళ్లలో ఒక కిరాయిదారుకు రక్షణ ఉంది, ఇంకొకరికి లేదు. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఇది సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ డిసెంబరులోనే సర్కార్ జీవో 636 తెచ్చింది. కట్టిన పదేళ్ల దాకా ఇళ్లకు, నెలకు 1,000 రూపాయలు దాటిన కిరాయిలకు మళ్లీ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో ఆ హద్దు 3,500 రూపాయలైంది.

ఇవాళ సికింద్రాబాద్‌లో 3,500కి ఏ ఇల్లు దొరుకుతుంది? మనలో చాలామంది ఆ కానూన్ నీడ దాటి వచ్చేశాం. కాగితం లేని నెలవారీ కిరాయికి ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. సబబు చెప్పనక్కర్లేదు. ఖాలాకు బజారు కిరాయి దక్కింది, బాగుంది. ముల్గీలో ముప్పై ఏళ్లుగా గిరాకీ పెంచుకున్న దర్జీకి మాత్రం నిద్ర కరువైంది. అయినా కోర్టు హుకుం లేకుండా సామాను బయట పడేసే హక్కు ఏ మాలిక్‌కూ లేదు.

అప్పు లావాదేవీ రాసుకోండి, గవాహీ పెట్టుకోండి అని సూరా బఖరా 282వ ఆయత్ మనకు నేర్పింది. కిరాయికీ అదే పద్ధతి మంచిది. అడ్వాన్స్ ఎంత, ఏటా పెంపు ఎంత, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల మోహలత్, అన్నీ రాసుకోండి. సొంత మామూ ఇల్లయినా సరే.