ప్రోబయాటిక్: దాణాలో స్థిరపడిన మాట

లాటిన్ ‘ప్రో’, గ్రీకు ‘బయోస్’ కలిసిన మాట ‘ప్రోబయాటిక్’. ‘ప్రాణానికి అనుకూలం’ అని భావం. 1965లో లిల్లీ, స్టిల్‌వెల్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ఒక సూక్ష్మజీవి విడుదల చేసి మరొకదాని ఎదుగుదలకు తోడ్పడే పదార్థానికి వాడారు. 1974లో పార్కర్ ఈ మాటను పశువుల మేత వైపు మళ్లించాడు. 1989లో ఫుల్లర్ ఇచ్చిన నిర్వచనం ఇంకా కచ్చితమైనది: పేగుల్లో సూక్ష్మజీవుల సమతుల్యాన్ని మెరుగుపరచి జంతువుకు మేలుచేసే, బతికున్న సూక్ష్మజీవులతో కూడిన మేత అనుబంధం. ‘బతికున్న’ అన్నదే ఇందులో కీలకం. ఉదాహరణకు, బ్రాయిలర్ కోళ్ల దాణాను గుళికలుగా చేసేటప్పుడు ఆవిరి వేడికి లాక్టోబాసిల్లస్ బాక్టీరియా చాలావరకు చనిపోతుంది; సిద్ధబీజాల రూపంలో ఉండే బాసిల్లస్ సబ్టిలిస్ బాగా తట్టుకుంటుంది. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించాక ఈ మాటకు ప్రాధాన్యం పెరిగింది. అయినా జబ్బుపడిన కోడికి ప్రోబయాటిక్ ఒక్కటే చాలదు, పశువైద్యుడి సలహా తీసుకోవాల్సిందే.