5,910,382 నంబరు పేటెంటు

అమెరికా పేటెంటు కాగితం మొదటి పుట ఎప్పుడైనా చూశారా? అందులో రెండు వరసలు ఉంటాయి. ఒక వరసలో కనిపెట్టినవారి పేర్లు, రెండో వరసలో హక్కుదారు పేరు. మన దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇంజినీర్ల పేర్లు మొదటి వరసలో కోకొల్లలు. రెండో వరసలో మాత్రం ఉద్యోగం ఇచ్చిన సంస్థ పేరే ఉంటుంది. నా పేరు కూడా అలా మూడు పేటెంట్ల మీద ఉంది. హక్కులు రాసిచ్చినందుకు గుర్తుగా చెక్క పలక మీద ఇత్తడి రేకు బిగించి ఇచ్చారు. దాన్ని హాల్లో గోడకి తగిలించాను. దాని వెనకాల బల్లి కాపురం పెట్టిందని మా ఆవిడ ఫిర్యాదు.

ఇతరుల పేటెంట్లు చూసినప్పుడు ముందు ఆ రెండు వరసలూ చదవడం నాకు అలవాటైపోయింది. 1999 జూన్ 8న వెలువడిన 5,910,382 నంబరు పేటెంటు మీద కనిపెట్టినవారు నలుగురు: జాన్ గుడెనఫ్, అక్షయ పాఢి, కె. ఎస్. నంజుండస్వామి, క్రిస్టియన్ మాస్కెలియే. హక్కుదారు టెక్సస్ విశ్వవిద్యాలయ పాలకమండలి. ఆ నలుగురూ మా ఆస్టిన్ ఊళ్ళోనే పనిచేశారు. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే విద్యుత్ కార్ల బేటరీల్లో ఇంచుమించు సగం ఆ కాగితంలో వర్ణించిన పదార్థంతోనే నడుస్తున్నాయి. అయినా ఆ బేటరీలు ఆస్టిన్‌లో పుట్టి ఆస్టిన్‌లో పెరగలేదు. ఎక్కడ పెరిగాయో, ఎందుకు పెరిగాయో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు బేటరీ ఎలా పనిచేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను. లిథియం బేటరీలో రెండు ధ్రువాలు ఉంటాయి. వాటిని రెండు చెట్లనుకోండి. లిథియం అయానులు పక్షులు. చార్జి చేస్తే పక్షులన్నీ ఋణధ్రువం అనే చెట్టుకి వెళ్ళి వాలతాయి. కారు నడుస్తుంటే తిరిగి ధనధ్రువం చెట్టుకి వస్తాయి. పక్షులు వచ్చిపోతున్నా కొమ్మలు విరగకుండా నిలబడే చెట్టు కావాలి. అది దొరకడమే కష్టం. ముప్ఫై ఏళ్ళ పేటెంటు తగాదాలన్నీ ఈ ధనధ్రువపు చెట్టు గురించే.

1970లలో ఎక్సాన్ కంపెనీలో పనిచేస్తున్న స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం, గంధకం కలిసిన చెట్టు ఒకటి చూపించాడు. 1980లో ఆక్స్‌ఫర్డులో గుడెనఫ్ బృందం అంతకంటే ఎక్కువ వోల్టేజి ఇచ్చే లిథియం కోబాల్ట్ ఆక్సైడు కనిపెట్టింది. ఆక్స్‌ఫర్డు వారు దానికి పేటెంటు తీసుకోవడానికి ఇష్టపడలేదు. చివరికి హార్వెల్‌లోని అణుశక్తి పరిశోధనా సంస్థ తీసుకుంది, గుడెనఫ్ తన హక్కులు రాసిచ్చేశాడు. 1991లో సోనీ అదే పదార్థంతో మొదటి లిథియం అయాన్ బేటరీని బజారులోకి తెచ్చింది. మన జేబుల్లో సెల్‌ఫోన్లు, బల్లల మీద లాప్‌టాప్‌లు వచ్చాయి. గుడెనఫ్‌కి రాయల్టీగా ఒక్క పైసా రాలేదు.

ఈ గుడెనఫ్ మామూలు మనిషి కాదు. 1922లో పుట్టాడు. చిన్నప్పుడు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టంగా ఉండేదిట. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వాతావరణ శాస్త్రజ్ఞుడుగా పనిచేసి, ఆ తరువాత భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేశాడు. ఆక్స్‌ఫర్డులో పదవీ విరమణ వయసు దగ్గరపడుతోందని 1986లో ఆస్టిన్‌కి వచ్చేశాడు. అప్పుడాయనకి 64 ఏళ్ళు. మనవాళ్ళు ఆ వయసులో కాశీయాత్ర గురించి ఆలోచిస్తారు. ఆయన ఇంకో చెట్టు వెతకడం మొదలుపెట్టాడు. 2019లో నోబెల్ బహుమతి వచ్చేటప్పటికి 97 ఏళ్ళు. అంత వయసులో ఆ బహుమతి అందుకున్నవారు మరొకరు లేరు. 2023లో, 101వ పుట్టినరోజుకి సరిగ్గా నెల ముందు పోయాడు.

ఆయనతోపాటు ఆక్స్‌ఫర్డు నుంచి ఆస్టిన్ వచ్చినవారిలో అరుముగం మంతిరం ఒకరు. తమిళనాడులో ఒక చిన్న పల్లెలో పుట్టి, మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుకున్న రసాయన శాస్త్రజ్ఞుడు. కోబాల్ట్ ఖరీదైన లోహం, దొరికే చోట్లు తక్కువ. ఇనుము ఎక్కడైనా దొరుకుతుంది. కాని ఇనుప ఆక్సైడు వాడితే వోల్టేజి చాలటం లేదు. 1980ల చివర మంతిరం, గుడెనఫ్ కలిసి ఒక కిటుకు పట్టుకున్నారు. ఒట్టి ఆమ్లజని బదులు గంధకంతో కలిసిన ఆమ్లజని గుంపు వాడితే, అంటే సల్ఫేటు వాడితే, గంధకం ఆమ్లజని చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఇనుము మీద ఆమ్లజని పట్టు సడలుతుంది, వోల్టేజి పెరుగుతుంది. ఒక్క వాక్యంలో చెప్పేశాను కాని నా దృష్టిలో ఈ కథ మొత్తానికి మూలకందం ఇదే. 2019లో స్టాక్‌హోమ్‌లో గుడెనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం చదివింది ఈ మంతిరం గారే.

తరువాత గంధకం స్థానంలో భాస్వరం వచ్చింది. పాఢి అప్పుడు గుడెనఫ్ దగ్గర విద్యార్థి. భాస్వరంతో స్పినెల్ అనే స్ఫటిక నిర్మాణం వస్తుందేమో చూడమని గురువుగారు పని అప్పగించారు. ఇనుముతో చేస్తే అది రాదని చెప్పి, సెలవులకి వెళ్ళిపోయారు. గుడెనఫ్ తరువాత చెప్పుకున్న కథ ఇది. తిరిగి వచ్చేసరికి స్పినెల్ రాలేదు, ఆలివిన్ వచ్చింది. దాంట్లోంచి లిథియం బయటికి వస్తోంది, మళ్ళీ లోపలికీ వెళ్తోంది. అదే లిథియం ఇనుప ఫాస్ఫేటు, మూడు ఇంగ్లీషు అక్షరాలలో ఎల్.ఎఫ్.పి. ప్రకృతిలో ట్రిఫిలైట్ అనే రాయిలో ఈ నిర్మాణం ఎప్పటినుంచో ఉంది. భాస్వరం, ఆమ్లజనుల బంధం గట్టిది కనక వేడెక్కినా ఆమ్లజని ఊడి రాదు, మంట అంత తేలిగ్గా లేవదు. 1997లో పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ పేర్లతో పరిశోధన పత్రం వచ్చింది.

లోపం కూడా వాళ్ళే రాశారు. ఈ పదార్థం విద్యుత్తుని దాదాపు పారనివ్వదు. నెమ్మదిగా వాడుకుంటే బాగుంటుంది, కరెంటు పెంచితే సామర్థ్యం పడిపోతుంది. కారుకి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఇక్కడి నుంచి రసాయనశాల వదిలి కోర్టుకి వెళ్ళాలి. జపాను టెలిఫోను సంస్థ ఎన్.టి.టి. తన పరిశోధకుణ్ణి 1993లో గుడెనఫ్ ప్రయోగశాలకి పంపింది. ఆయన తిరిగి వెళ్ళాక, 1995లో ఆ సంస్థ ఇదే కుటుంబానికి చెందిన పదార్థాల మీద జపానులో పేటెంటు దరఖాస్తు పెట్టింది. మా రహస్యం పట్టుకుపోయారని టెక్సస్ విశ్వవిద్యాలయం 2001లో దావా వేసింది. ఏడేళ్ళు నడిచి, 2008లో ఎన్.టి.టి. 3 కోట్ల డాలర్లు ఇచ్చేటట్టు రాజీ కుదిరింది. రాజీ కనక ఎవరిది న్యాయమో కోర్టు చెప్పనక్కరలేకపోయింది. ఆ ఏడాదే యూరప్ పేటెంటు కార్యాలయం టెక్సస్ వారికి అక్కడున్న పేటెంటుని రద్దు చేసింది.

ఈలోగా విద్యుత్తు పారని జబ్బుకి మందు కెనడాలో దొరికింది. టెక్సస్ నుంచి హక్కులు తీసుకున్న హైడ్రో క్యుబెక్ సంస్థ, మిషెల్ అర్మాన్ మొదలైన శాస్త్రజ్ఞులు కలిసి, ఫాస్ఫేటు రేణువులకి బొగ్గు పూత పూయవచ్చని 1999 నాటికి చూపించారు. చెప్పుకుంటే వంటింటి పని. పంచదార లాంటిది పొడిలో కలిపి, గాలి తగలకుండా కొలిమిలో కాలుస్తారు. పంచదార మాడి బొగ్గవుతుంది, ప్రతి రేణువు చుట్టూ పల్చటి నల్ల పొర పడుతుంది. ఆ పొర మీదుగా ఎలక్ట్రానులు పరిగెడతాయి. గాలి తగిలిందా, ఇనుము తుప్పు దారి పడుతుంది. పూత మందమైతే లిథియం దూరదు, పల్చనైతే కరెంటు పారదు. దీనికీ పేటెంట్లు వచ్చాయి.

2001లో మసాచుసెట్స్‌లో ఎమ్.ఐ.టి. ఆచార్యుడు యెట్ మింగ్ చియాంగ్, మరికొందరు ఎ123 అనే కంపెనీ పెట్టారు. నియోబియం లాంటి లోహం చిటికెడు కలిపితే ఈ పదార్థంలో విద్యుత్తు పారే గుణం 10 కోట్ల రెట్లు పెరిగిందని చియాంగ్ బృందం 2002లో ప్రకటించింది. అది లోహపు మహిమ కాదు, పైన తెలియకుండా ఏర్పడ్డ పొర మహిమ అని ఇతర శాస్త్రజ్ఞులు వాదించారు. ఈ వాదన వట్టి పండితచర్చ కాదు. లోహం వల్లనైతే అది ఎ123 సొంత ఆవిష్కరణ. పొర వల్లనైతే పాత పేటెంట్ల పరిధిలోకి వచ్చే ప్రమాదం. 2006లో మళ్ళీ దావాలు మొదలయ్యాయి, 2011లో లైసెన్సు తీసుకోవడంతో ముగిశాయి.

అప్పటికి అసలు పుణ్యకాలం గడిచిపోయింది. అమెరికా ప్రభుత్వం ఎ123కి దాదాపు 25 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. 2010లో డెట్రాయిట్ పక్కన లివోనియాలో పెద్ద కర్మాగారం తెరిచారు. మనవాళ్ళు చాలామంది ఉండే ప్రాంతమే అది. 2012లో అక్కడ తయారైన బేటరీల్లో లోపం బయటపడి, మార్చి ఇవ్వడానికి 5.5 కోట్ల డాలర్లవుతుందని కంపెనీ లెక్క వేసింది. ఆ అక్టోబరులో దివాలా తీసింది. కొనుక్కున్నది చైనాకి చెందిన వాన్‌షియాంగ్.

అవతలి ఒడ్డున, చైనా తయారీదారులకి ఒక వెసులుబాటు దొరికింది. సరుకు తమ దేశంలోనే అమ్ముకున్నంత కాలం పేటెంటు రుసుము కట్టనక్కరలేదని పేటెంటు యజమానులతో కుదిరిన ఏర్పాటు అది. బయటివాళ్ళకి చిన్న మినహాయింపులా కనిపించి ఉంటుంది. కాని ఆ దేశంలో మార్కెట్టు ఎంతటిది! షెన్‌జెన్‌లోని బి.వై.డి. 2008లోనే ఈ బేటరీతో కారు అమ్మింది. ఊరూరా ఈ బేటరీలతో బస్సులు తిరిగాయి. పదేళ్ళపాటు కొలిమిలో పెట్టి తీసి, చెడగొట్టి, మళ్ళీ పెట్టి, వాళ్ళ చెయ్యి తిరిగింది. 2020లో టెస్లా షాంఘైలో తయారుచేసే కార్లకి ఈ బేటరీలు కొనడం మొదలుపెట్టింది. టెక్సస్ మూల పేటెంటు గడువు 2017లో తీరింది, పూత మొదలైన వాటి పేటెంట్లలో ముఖ్యమైనవి 2022 కల్లా తీరిపోయాయి. ఇక ఎవరైనా చేసుకోవచ్చు.

ఎవరైనా చేసుకోవచ్చుగదా, మరి ఎందుకు చెయ్యలేకపోతున్నారు? ఈ ప్రశ్న నన్ను కొంతకాలంగా పట్టుకుంది, దానికి కారణం ఒక తెలుగు వార్త. గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి, తిరిగి వెళ్ళి 1985లో తిరుపతి దగ్గర అమర రాజా సంస్థ ప్రారంభించారు. మన కార్లలో, ఇన్వర్టర్లలో వాళ్ళ సీసపు బేటరీలు ఎరగనివాళ్ళు లేరు. ఆ సంస్థ 2023 మేలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 9,500 కోట్ల రూపాయల అంచనాతో లిథియం బేటరీల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. వలస కూలీలకి పేరుపడ్డ పాలమూరులో ఇలాంటిది వస్తోందంటే సంతోషించని తెలుగువాడు ఉండడు. 2024 జూన్‌లో ఎల్.ఎఫ్.పి. బేటరీలు చేసే పరిజ్ఞానం కోసం లైసెన్సు ఒప్పందం కుదుర్చుకున్నారు. స్లొవేకియాలో ఉన్న ఒక కంపెనీతో. అది చైనాకి చెందిన గోషన్ వారి అనుబంధ సంస్థ.

పాఢి, నంజుండస్వామి అన్న పేర్లున్న పేటెంటు, గడువు తీరి అందరి సొత్తైపోయాక, అదే పదార్థం చెయ్యడం నేర్పమని మనం రుసుము కడుతున్నామన్నమాట. అమర రాజా వారిని తప్పుపట్టడం లేదు. వాళ్ళ స్థానంలో తెలివైనవాడెవడైనా అదే చేస్తాడు. పేటెంటు అనే మాటకి లాటిన్‌లో తెరిచి ఉంచినది అని అర్థం. నీ రహస్యం లోకానికి చెప్పు, 20 ఏళ్ళు హక్కు అనుభవించు అన్నది బేరం. కాని ఆ కాగితంలో చెప్పేది ఏ వస్తువు, ఏ పాళ్ళు అన్నంతవరకే. ఆవకాయ కొలతలు ఎవరైనా రాసిస్తారు. మా అత్తగారి కొలతలు కాగితం మీద ఉన్నాయి, ఇక్కడ రెండేళ్ళు వరసగా పెట్టాం, రెండేళ్ళూ మాగాయకీ ఆవకాయకీ మధ్య ఏదో తయారైంది. పొడి ఎంత మెత్తగా విసరాలి, కొలిమిలో వేడి ఎంతసేపు నిలపాలి, గదిలో తేమ ఎంత దాకా దిగాలి, లక్ష సెల్స్‌లో ఒకటి ఎందుకు చెడింది, ఇవన్నీ పేటెంటులో ఉండవు. పనిచేసినవాళ్ళ చేతుల్లో ఉంటాయి.

ఈ విషయం చైనా వారికి బాగా తెలుసు. 2025 జులై 15న ఎల్.ఎఫ్.పి. ధనధ్రువ పదార్థం తయారుచేసే పరిజ్ఞానాన్ని అనుమతి లేకుండా దేశం దాటించరాదని వాళ్ళ వాణిజ్య మంత్రిత్వ శాఖ ఉత్తర్వు వేసింది. అమెరికాలో పుట్టి, కెనడాలో పూత పూయించుకున్న పదార్థం! పేటెంటు పోయినా పనితనాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యవచ్చని మొదటిసారి ఒక ప్రభుత్వం ఇంత బాహాటంగా చేసి చూపించడం నాకైతే ఆశ్చర్యం కలిగించింది.

హైదరాబాదు శివార్లలో, బాలాపూర్‌లో, లోహపు పొడుల మీద పరిశోధన చేసే ఎ.ఆర్.సి.ఐ. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు బొగ్గు పూతతో సహా ఈ పదార్థం చేసే పద్ధతిని సొంతంగా రూపొందించుకున్నారు, పరిశ్రమకి అందించే పనిలోనూ ఉన్నారు. ప్రయోగశాలలో కిలోల లెక్కన చేసేది కర్మాగారంలో టన్నుల లెక్కన రావాలి. ఆ మెట్టు ఎక్కడానికి క్యుబెక్ వారికీ ఏళ్ళు పట్టింది, ఎ123 అక్కడే కాలు జారింది. బాలాపూర్ నుంచి దివిటిపల్లికి కారులో రెండు గంటల ప్రయాణం.