పిల్లల్లో పేగుల శోథ వ్యాధి: ఎదుగుదల లోపమే తొలి సూచన కావచ్చు

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంత కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైన విషయం విదితమే. అయితే పిల్లలు, యువతలో కనిపించే పేగుల శోథ వ్యాధిని కేవలం కాలుష్యానికి ఆపాదించుట శాస్త్రీయం కాదు. జన్యువులు, రోగనిరోధక వ్యవస్థ, పేగుల్లోని సూక్ష్మజీవులు, పరిసరాలు కలిసి ఇందుకు కారణమగుచున్నవి. ఈ వ్యాధి తెలంగాణ గ్రామాల్లోనూ ఉన్నట్లు హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2023లో వెల్లడించారు.

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఇందులో ప్రధాన రకాలు. దీర్ఘకాలిక విరేచనాలు, మలంలో రక్తం, కడుపునొప్పి ముఖ్య లక్షణాలు. కొందరు పిల్లల్లో ఎత్తు, బరువు పెరగకపోవుటే తొలి సూచన. క్రోన్స్ వ్యాధి పేగు క్షయను పోలియుండును. క్షయ మందులతో రెండు మూడు నెలల్లో గుణం కనిపించనిచో వైద్యులు ఎండోస్కోపీ, బయాప్సీలతో పునఃపరిశీలించవలెను. యుక్తవయసు దాటిన పిదప కోల్పోయిన ఎత్తు తిరిగి రాదు.